రెండో గ్లాసు

మా అమ్మాయికి ఉద్యోగంలో ప్రమోషన్ వచ్చింది. "అమ్మా, శనివారం నిన్ను బయటికి తీసుకెళ్తా, బిల్లు నాది" అంది. ఏ హోటలో అనుకున్నా. తీరా చూస్తే జూబ్లీహిల్స్‌లో ఓ వైన్ బార్!

మన దగ్గర 'వైన్స్' అంటే ఏంటో తెలుసు కదా. ఇనుప జాలీ, దాని ముందు మగవాళ్ల తోపులాట. అక్కడ వైన్ కొనేవాళ్లే తక్కువ. అలాంటి దుకాణం కనబడితే ఇప్పటికీ రోడ్డు దాటి అవతలి పక్క నడుస్తాను. ఇక్కడేమో పసుపు దీపాలు, మెల్లగా పాట, పక్క టేబుల్ దగ్గర నా వయసు ఆడవాళ్లు నలుగురు.

అమ్మాయి తనకి నాసిక్ రెడ్ వైన్ ఒక గ్లాసు, నాకు నిమ్మ సోడా చెప్పింది. తర్వాత చిన్న చిన్న ప్లేట్లు వచ్చాయి. ఆలివ్ కాయలు, చీజ్ ముక్కలు, వెల్లుల్లితో వేయించిన పుట్టగొడుగులు, టమాటా వేసిన కాల్చిన బ్రెడ్. "భోజనం ఇంతేనా?" అన్నా. "ఇవి నంజుకోవడానికమ్మా. మధ్యలో పెట్టుకుని కబుర్లు చెప్పుకుంటూ తినాలి" అంది. మొదటి బ్రెడ్ ముక్క నా ప్లేట్లో పెట్టాకే గ్లాసు అందుకుంది.

నంజుకోవడం అనే మాట వినగానే నాన్న గుర్తొచ్చాడు.

మాది నెల్లూరు జిల్లా. నాన్న కూలి డబ్బుల్లో సగం సారా ప్యాకెట్లకే పోయేది. తాగొచ్చిన రోజు జేబులో పకోడీల పొట్లం ఉండేది, ఆయన నంజుకోగా మిగిలినవి. నేనూ తమ్ముడూ వాటి కోసం మేలుకుని ఉండేవాళ్లం. అమ్మ ముట్టేది కాదు. పొద్దున్నే ఇంటి వెనక ఖాళీ ప్యాకెట్లు లెక్కపెట్టేది. ఎన్ని ప్యాకెట్లుంటే ఆ వారం అన్ని పూటలు గంజే.

1992లో దూబగుంట ఆడవాళ్లు సారా అంగడి మూయించారన్న కబురు మా ఊరికీ చేరింది. అప్పుడు నాది తొమ్మిదో తరగతి. ఎవరితోనూ గట్టిగా మాట్లాడని అమ్మ, చీపురు పట్టుకెళ్లి మా ఊరి అంగడి ముందు కూర్చుంది. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా ఆపేశారు. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో అది ఎత్తేయగానే నాన్న బ్రాందీ మొదలుపెట్టాడు. 46 ఏళ్లకే పోయాడు.

అమ్మాయి రెండో గ్లాసు తెప్పించుకుంది. నేనేం అనలేదు. అయినా పట్టేసింది.

"లెక్కపెడుతున్నావు కదూ?"

అవునన్నాను. అమ్మమ్మ ప్యాకెట్ల లెక్క అప్పుడు చెప్పాను. తాతయ్య జబ్బు చేసి పోయాడనే దానికి ఇన్నాళ్లూ తెలుసు.

తను గ్లాసు పక్కకి జరపలేదు. జరిపి ఉంటే నాకే కష్టంగా ఉండేదేమో. "ముందే చెప్పొచ్చు కదమ్మా" అని, చివరి పుట్టగొడుగు నా వైపు తోసింది.

వైన్‌లో ఆల్కహాల్ 12, 13 శాతమేలే అని నాకు నేను సర్దిచెప్పుకోలేదు. మందు మందే. నా భయమూ పూర్తిగా పోలేదు. కానీ ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ తలుపు చప్పుడు కోసం బిక్కుబిక్కుమంటూ కూర్చుని లేరు. నాకు దక్కింది మిగిలిపోయిన ముక్క కాదు, మొదటి ముక్క.

క్యాబ్‌లో ఉండగా ఊరి నుంచి అమ్మ ఫోన్. "ఏం తిన్యారే?" అంది. నేను తడుముకునేలోపు అమ్మాయి ఫోన్ లాక్కుంది.

"అమ్మమ్మా, వచ్చే ఆదివారం వస్తున్నా. నువ్వు సారా అంగడి మూయించిన కథ నాకు చెప్పాలి."

అవతల కాసేపు మాట లేదు.

"ఒక పూటకి రాబాక. రెండ్రోజులు ఉండేటట్టు రా. పెద్ద కతే అది" అంది అమ్మ.