జాడీ మీద చీటీ

మాది బీదర్. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, బజారులో దక్కనీ ఉర్దూ. మా అమ్మాయి హైదరాబాదులోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఇంటి నుంచే పని చేస్తుంది. కిందటేడు ఒక రాత్రి, పదకొండు దాటాక కూడా ఫోనులో గొంతు పెంచి మాట్లాడుతూంటే లేచి వెళ్ళాను. వేరే ఊరికి పంపవలసిన కొత్త ప్రోగ్రాముకు బదులు, అదే పేరుతో ఉన్న పాతది వెళ్ళిపోయిందట. ఎవరి కంప్యూటరులో ఉన్నది అసలుదో చెప్పగలిగినవాళ్ళు లేరు.

"రాసింది మీ దగ్గరే ఉంది కదే, మళ్ళీ తయారు చేసుకోరాదూ?" అన్నాను.

"అమ్మా, ఆవకాయ కొలతలు నీ దగ్గరున్నాయి. ఈ ఏటి కాయతో పెడితే పోయినేటి రుచి వస్తుందా?" అంది.

సగం అర్థమైంది. మనుషులు రాసిన ప్రోగ్రాము కొలతల చీటీ. దాన్నుంచి తయారయ్యే బైనరీ ఫైలు, కలిపి పెట్టిన ఆవకాయ. కొలతలు అవే అయినా, అందులో కలిసే బయటివాళ్ళ సరుకు మారితే ఫలితం మారవచ్చు. అందుకే తయారైనదాన్ని కూడా దాచాలి. ఆ దాచే కొట్టుకే ఆర్టిఫాక్ట్ రిపోజిటరీ అని పేరు. నెక్సస్, ఆర్టిఫాక్టరీ అలాంటివే. జావావాళ్ళవి జార్ ఫైళ్ళట, అంటే మన జాడీలే! పైథాన్ ప్యాకేజీలు, డాకర్ ఇమేజీలు, ఏ రకానికి ఆ అర.

సొంతంగా చేసినవి ఒక చోట, బయటి నుంచి తెచ్చుకున్నవాటి నకళ్ళు ఇంకో చోట ఉంటాయి. 2016 మార్చిలో ఒకాయన అలిగి, ఎన్‌పీఎం అనే ఉమ్మడి భాండాగారం నుంచి లెఫ్ట్‌ప్యాడ్ అనే తన 11 లైన్ల ప్యాకేజీని తీసేసుకుంటే, ప్రపంచమంతటా వేలాది ప్రాజెక్టుల పని ఆగిపోయింది. నకలు దాచుకున్నవాళ్ళకు ఆ అవస్థ తప్పింది.

ఇంకో కట్టుబాటు: విడుదల చేసినదాన్ని మళ్ళీ ముట్టుకోకూడదు. మార్పు చేస్తే కొత్త నంబరు వెయ్యాలి. పైగా ప్రతి ఫైలుకూ 64 అక్షరాల వేలిముద్ర ఒకటి లెక్కకట్టి ఉంచుతారు. లోపల ఒక్క చుక్క మారినా అది మారిపోతుంది.

"అయితే ఇక మోసానికి తావు లేదన్నమాట."

"ఎవరు లోపల పెడుతున్నారో కూడా చూడాలమ్మా. మన గవాన్ కథ తెలియదూ?" అంది.

తెలియకేం! బహమనీల మంత్రి మహమూద్ గవాన్ మా ఊళ్ళో 1472లో మదరసా కట్టించాడు. ఆయనంటే గిట్టనివాళ్ళు ముద్ర కాపాడేవాణ్ణి లోబరచుకుని, ఖాళీ కాగితం మీద ముద్ర వేయించి, ఒరిస్సా రాజును దండెత్తి రమ్మన్నట్టు ఉత్తరం సృష్టించారు. ముద్ర అసలుదే, ఉత్తరం దొంగది. 1481లో సుల్తాను మూడవ మహమ్మదు కొండపల్లి విడిదిలో ఆ వృద్ధుడి తల తీయించాడు. మదరసా గ్రంథాలయంలో 3,000 గ్రంథాలుండేవంటారు. 17వ శతాబ్దం చివర పేలుడులో ఆ భవనం ఒక పక్క కూలిపోయింది. అక్కడ తుపాకిమందు నిలవ చేశారని చెబుతారు. ఇవాళ నీలిపెంకులూ, ఒక మినారూ ఉన్నాయి గానీ ఆ గ్రంథాలు లేవు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా అత్తగారు పాడిన బతుకమ్మ పాటల క్యాసెట్టును ఎప్పుడో కంప్యూటరులోకి ఎక్కించాం. మర్నాడు వెతికితే "పాటలు", "పాటలు కొత్తవి", "పాటలు అసలు" అని మూడు ఫైళ్ళు దొరికాయి. "అసలు" అన్నదాన్లో సగం నుంచి పెళ్ళి సన్నాయి వినిపించింది. ఎవరో క్యాసెట్టు మీదే రికార్డు చేశారు. ఆ ఎవరో నేనే అయి ఉంటాను.

మిగిలిన నాలుగు పాటలకూ అమ్మాయి నంబర్లు వేసింది. ఎవరు పాడారు, ఏ ఊళ్ళో, ఏ ఏడు అన్నది నేను రాయించాను. ఒక నకలు ఇక్కడ, ఒకటి హైదరాబాదులో మా మరిది దగ్గర ఉంచాం. అంతా ఒకే కొట్టులో పెట్టుకోకూడదని మదరసా గోడలు రోజూ చెబుతూనే ఉన్నాయి కదా!

మీ ఇంట్లోనూ అలాంటి క్యాసెట్టు ఏదో ఉండే ఉంటుంది. ఈ ఆదివారం తీసి, మీద ఒక చీటీ అంటించండి.