గోడలు ఆయనవి, సామాను మనది

అమెరికాలో అద్దెకుండే మనవాళ్ళకి రెంటర్స్ ఇన్సూరెన్సంటే ఓ తద్దినం. లీజు సంతకం రోజు ఆఫీసులో "పాలసీ ఏదీ?" అంటారు, మనం ఫోన్లో అన్నిటికంటే చవకది కొని పడేస్తాం. అందులో ఏముందో చదివిన మహానుభావుణ్ణి నేనింకా చూళ్ళేదు.

2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో మంచు తుఫానుకి కరెంటు పోయి, ఊళ్ళకి ఊళ్ళే గడ్డకట్టాయి గుర్తుందా? అప్పుడు డాలస్ దగ్గర మా అపార్టుమెంట్లో పైపు పగిలి, పక్కింట్లో సీలింగ్ ఊడి పడింది. అందులో ముగ్గురు కుర్రాళ్ళు, పాలసీ మాత్రం ఒక్కడి పేరు మీదే. వాడికి లాప్‌టాప్ డబ్బులూ, హోటల్ ఖర్చులూ వచ్చాయి. మిగతా ఇద్దరికీ గుండు సున్నా! "ఓనరుకి ఇన్సూరెన్సుంటుంది కదన్నా?" అన్నాడొకడు. ఉంటుంది తమ్ముడూ, గోడలకీ కప్పుకీ. నీ పరుపుకీ, నీ టీవీకీ కాదు.

ఇంతకీ ఈ పాలసీలో ముఖ్యమైనవి మూడు. ఒకటి మన సామాను. రెండు, ఇల్లు ఉండటానికి పనికిరాకపోతే బయట ఉండటానికయ్యే అదనపు ఖర్చు. మూడు లయబిలిటీ, అంటే మన వల్ల ఇంకొకరికి నష్టమైతే కట్టేది. లీజులో పట్టుబట్టేది సాధారణంగా ఈ మూడోదే, తరచుగా 1,00,000 డాలర్లకి. ఓనరు తన జాగ్రత్త తను చూసుకుంటున్నాడన్నమాట. అది మాత్రమే ఉండి, సామాను ఊసే లేని పాలసీలు కూడా అమ్ముతారు. లీజు ఆఫీసుకి అది చాలు, మనకి చాలదు.

ఇంకో నాలుగు మెలికలున్నాయి. "యాక్చువల్ క్యాష్ వాల్యూ" అని ఉంటే పాత లాప్‌టాప్‌కి తరుగు తీసేసి చిల్లర చేతిలో పెడతారు. "రీప్లేస్‌మెంట్ కాస్ట్" అని ఉంటే కొత్తది కొనుక్కోవచ్చు. పైపు నీళ్ళకిస్తారు గానీ వరదకీ భూకంపానికీ మామూలు పాలసీలో ఇవ్వరు. పెళ్ళిలో పెట్టిన బంగారం దొంగతనమైతే చాలా పాలసీల్లో 1,500 డాలర్ల దగ్గరే ఆగిపోతారు. మన ఇళ్ళల్లో గాజుల జతే అంతకంటే ఎక్కువుంటుంది కదా! నగలకి విడిగా కవరేజి రాయించుకోవాలి. ఇక రూమ్మేట్లుంటే ఎవరిది వాళ్ళు తీసుకోవడమే మేలు.

అన్నట్టు, ఇండియాలోనూ ఇదుంది. 2021 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన భారత్ గృహ రక్ష పాలసీలో, ఇల్లు మనది కాకపోయినా సామానుకి మాత్రమే తీసుకోవచ్చు. హైదరాబాదులో గ్రౌండ్ ఫ్లోరులో అద్దెకున్నవాళ్ళకి 2020 అక్టోబరు వానలు గుర్తుంటే ఇంక నేను చెప్పక్కర్లేదు.

నెలకి రెండు పిజ్జాల ఖర్చు పెట్టి కొంటున్నాం, మొదటి పేజీ అయినా చదవకపోతే ఎలా?