గోధుమ లేని దస్తర్‌ఖాన్

రమజాన్ మూడవ వారంలో ఒకనాడు కరీంనగర్ నుంచి బయలుదేరి, జుహ్ర్ వేళ దాటాక జూబ్లీ బస్‌స్టేషన్‌లో దిగాము. అక్కడి నుంచి వెస్ట్ మారేడ్‌పల్లి ఎంతో దూరం లేదు. ఆటో ఎక్కాము గాని మనసు ముందుకు సాగలేదు. మేము వెళుతున్నది ఒక విద్యార్థి ఇంటికి. పన్నెండేళ్ళ ఆ బాలుడు మా మద్రసాలో పదకొండు పారాలు కంఠస్థం చేసి, నిరుడు చదువు మధ్యలోనే ఇంటికి వెళ్ళిపోయాడు. అందుకు మా వంటశాల ఒక కారణం. అంతకంటే పెద్ద కారణం మేమే.

రాత్రి భోజనంలో ఆ బాలుడు రొట్టెను పళ్ళెం అంచుకు నెట్టేవాడు. అన్నం మాత్రం తినేవాడు. కడుపు ఉబ్బరమని, విరేచనాలని తరచూ పాఠం మానేవాడు. తోటివారు ఎదుగుతున్నా అతడు ఎదగలేదు. అల్లాహ్ ప్రసాదించిన ఉపాధిని అలా నెట్టివేయడం కృతఘ్నత అని అందరి ముందూ మందలించాము. పక్కన కూర్చుని మరీ తినిపించాము. మా ప్రేమ కూడా అందులో ఉందనే అనుకున్నాము.

ఇంటికి చేరిన తరువాత నెలల తరబడి ఇనుము మాత్రలు వేసినా రక్తం పెరగకపోవడంతో వైద్యునికి అనుమానం వచ్చింది. ముందు రక్తపరీక్ష చేశారు. తరువాత గొట్టం ద్వారా చిన్నప్రేగు నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించారు. సీలియాక్ వ్యాధి అని తేలింది. గోధుమలోని గ్లూటెన్ అనే జిగురు పదార్థం లోపలికి వెళ్ళినప్పుడల్లా శరీర రక్షణ వ్యవస్థ తన ప్రేగునే దెబ్బతీసుకుంటుంది. ఆహారసారాన్ని పీల్చుకునే నూగు వంటి పొర అరిగిపోతుంది. ఎంత తిన్నా ఒంటికి పట్టదు. గోధుమ అలర్జీ అనేది వేరు. అందులో తిన్న కొద్దిసేపటికే దద్దుర్లు, ఆయాసం వస్తాయి. సీలియాక్ ఇలా బయటపడక ఏళ్ళ తరబడి లోపలే తొలుస్తుంది. దీనికి మందు లేదు. జీవితాంతం గోధుమ, బార్లీ, రై ధాన్యాలను విడిచిపెట్టడమే చికిత్స. పాఠకులకు ఒక మాట చెప్పాలి. అనుమానం వచ్చిందని ముందే గోధుమ మానివేస్తే పరీక్షలో జబ్బు దొరకకపోవచ్చు. మానడం పరీక్ష తరువాతే.

ఈ సంగతి లోకానికి తెలిసి ఎంతో కాలం కాలేదు. 1944-45 చలికాలంలో, యుద్ధం వల్ల నెదర్లాండ్స్‌లో రొట్టె కరువై జనం ఆకలితో అలమటించారు. ఆ రోజుల్లోనే ఈ జబ్బున్న పిల్లలు తేరుకోవడం, రొట్టె తిరిగి వచ్చాక మళ్ళీ మంచాన పడడం విలెమ్ డికె అనే పిల్లల వైద్యుడు గమనించాడు. 1950లో తన పరిశోధన గ్రంథంలో గోధుమే దోషి అని చూపాడు. అంతవరకు ఎందరు తల్లులు బలం కోసమని బిడ్డకు రొట్టె తినిపించారో!

అస్ర్ తరువాత బాలుని తండ్రి మమ్మల్ని వెంటబెట్టుకుని బయటికి తీసుకువెళ్ళాడు. మూడవ నిజామ్ సికిందర్ జా పేరిట 1806లో వెలసిన సికింద్రాబాద్‌లో మారేడ్‌పల్లి నెమ్మదైన పేట. చెట్లున్న వీధులు, పాత బంగళాలు, వాటి మధ్య లేచిన అపార్టుమెంట్లు. పెద్ద రోడ్డుకు రాగానే హలీం బట్టీల వాసన ఎదురొచ్చింది. హలీంలో మాంసంతో పాటు గోధుమ రవ్వ ఉడుకుతుంది. బేకరీ అద్దాల వెనుక ఉస్మానియా బిస్కట్లు. లుఖ్మీ మైదాతో, షీర్‌ఖుర్మాలో సేమియా గోధుమతో. మన పండుగలన్నిటిలో గోధుమ ఎంతగా అల్లుకుపోయిందో ఆ పిల్లవాని కళ్ళతో చూస్తే గాని మాకు తెలియలేదు. బిర్యానీ, ఖుబానీ కా మీఠా ఎలాగో తప్పించుకున్నాయి.

పిండి గిర్నీ ముందు ఆగాము. గోధుమలు పట్టిన మరలోనే జొన్నలు పోస్తే ఆ పిండి ఈ బాలునికి పనికిరాదట. మరలో మిగిలిన పొడి చాలు, ప్రేగు మళ్ళీ పుండవుతుంది. అందుకే తండ్రి మోండా మార్కెట్ నుంచి జొన్నలు తెచ్చి ఇంట్లోనే చిన్న మరలో పడతాడు. ఇంగువ డబ్బా సైతం తిప్పి చదువుతాడు, అందులో గోధుమపిండి కలుపుతారు గనుక. సోయా సాస్ కూడా అంతే. రైల్వే ఉద్యోగం చేసే ఆ మనిషి ఇంత శ్రద్ధగా మరే గ్రంథమూ చదివి ఉండడు అనిపించింది. మా చిన్నతనంలో మా తల్లిగారు రోజూ జొన్నరొట్టె, గట్క చేసేవారు. గోధుమపిండి పండుగకే ఇంట్లోకి వచ్చేది. నేడు జొన్నరొట్టె పథ్యమై కూర్చుంది!

ఇఫ్తార్ దస్తర్‌ఖాన్ మీద ఖర్జూరం, పండ్లు, శనగలు, మినప్పప్పుతో చేసిన దహీవడలు, శనగపిండి బజ్జీలు ఉన్నాయి. బజ్జీలకు కొత్త నూనె, వేరే బాణలి. ఆ తరువాత జొన్న రవ్వ, పప్పు వేసి వండిన హలీం వచ్చింది. నిజం చెప్పాలంటే అది హలీం కాదు, ఆ సాగు దానికి రాలేదు. అయినా రెండుసార్లు వడ్డించుకున్నాము.

తలుపు చాటు నుంచి బాలుని తల్లి అన్నది: "మౌలానా సాబ్, వంట మాకు కష్టం కాదు. పొరుగింటి నుంచి ఇఫ్తార్ తబక్ వస్తుంది చూడండి, అదే పరీక్ష. వద్దంటే వారి మనసు నొచ్చుకుంటుంది. ఒక్క లుఖ్మీతో ఏమవుతుందమ్మా అంటారు."

వాని దాదీ తల దించుకుంది. "నేనూ తప్పు చేశాను బేటా. జబ్బుగా ఉన్నాడని, సున్నత్ కదా అని తల్బీనా చేసి తాగించాను. అది బార్లీ."

మాకు గొంతు పట్టేసింది. ఆమె అడిగి ఉంటే మేమూ తల్బీనానే చెప్పేవారము. తిర్మిజీ, అబూదావూద్ గ్రంథాలలో ఒక హదీసు ఉంది. ఏళ్ళుగా దానిని బోధిస్తున్నాము. జబ్బు నుంచి అప్పుడే కోలుకుంటున్న హజ్రత్ అలీ (రజి) ఖర్జూరాలు తింటూ ఉంటే దైవప్రవక్త (స) ఆయనను ఆపారు. తరువాత ఆకుకూర, బార్లీ కలిపి వండిన వంటకం రాగా, అది ఆయనకు మేలని తినమన్నారు. ఖర్జూరం హలాల్, శుభప్రదం. అయినా రోగి ముందు నుంచి తొలగించబడింది. ఆనాటి రోగికి పనికివచ్చిన బార్లీ ఈ బాలునికి హాని చేస్తుంది గనుక, ఆ హదీసును అనుసరించాలంటే ఇతని ముందు నుంచి బార్లీనే తొలగించాలి. ఇంతకాలం పాఠంగా చెప్పినదాన్ని మేము మా పళ్ళెం దాకా తీసుకురాలేదు.

మగ్‌రిబ్ నమాజు అయ్యాక, తండ్రి ఎదుటే, ఆ బాలుణ్ణి క్షమించమని అడిగాము. సిగ్గుతో వాడు చాప అంచు గిల్లుతూ కూర్చున్నాడు. కాసేపటికి వాడే అడిగాడు.

"హజ్రత్, మా ఇంట్లో గోధుమ లేదు కదా. మరి నా ఫిత్రా గోధుమ లెక్కనే ఇవ్వాలా?"

నవ్వు వచ్చింది. మన హనఫీ లెక్కలో గోధుమ అర్ధ సాఅ్, అంటే దాదాపు 1.75 కిలోలు. ఇంట్లో ఏది వండుతున్నారన్న దానితో పని లేదు. పేదవానికి అందవలసిన విలువ అది. ఖర్జూరం లెక్కన ఇస్తే పూర్తి సాఅ్, సుమారు మూడున్నర కిలోల వెల పడుతుంది. "అయితే ఖర్జూరం" అన్నాడు వాడు తండ్రి వైపు చూస్తూ. ఇవ్వవలసింది ఆయనే గనుక ఆయన గట్టిగా నవ్వాడు.

షవ్వాల్‌లో మద్రసా తెరిచినప్పుడు వాణ్ణి పంపడానికి ఒప్పుకున్నారు, మేము మాట ఇచ్చినవి జరిగితేనే. వేరే పొయ్యి, వేరే గిన్నెలు, తాళం వేసిన పిండి డబ్బా. తల్లి అంతటితో నమ్మలేదు. మరునాడు బయలుదేరుతుంటే గుడ్డలో చుట్టిన ఇనుప పెంకు ఒకటి తండ్రి చేతికిచ్చి మాకు పంపింది. దానిమీద ఎన్నడూ గోధుమరొట్టె కాలలేదట. పండుగలోగా మీ వంటవాడు దీనిమీద జొన్నరొట్టె అలవాటు చేసుకోవాలని చెప్పమన్నది. బస్సులో కండక్టరు దానిని పైన పెట్టమన్నాడు. పైన ఎవరిదో పిండి సంచి ఉంది. సిద్దిపేట దాటేదాకా పెంకు మా ఒళ్ళోనే ఉంది.