ఎర

మొన్నటి వేసవి సెలవులకు ముందు నలుగురు విద్యార్థులతో బాసర వెళ్లినాను. సరస్వతీ ఆలయ వీధి నిండా అక్షరాభ్యాసానికి వచ్చిన పసిపిల్లలు. మేము దిగిన మిత్రుని ఇంటి అరుగుపై విశ్రాంత తెలుగు పండితులొకరు చదరంగం పరచుకొని కూర్చున్నారు. ఆయనా నావలె క్లబ్బు స్థాయి ఆటగాడే. "ఒక ఆట వేద్దామా, లెక్చరర్ గారూ?" అన్నారు.

తెల్లపావులు నావి. మంత్రి ముందరి బంటును రెండు గడులు నడిపి, రెండవ ఎత్తులో దాని పక్క బంటును ఎరగా పెట్టినాను. దీనినే క్వీన్స్ గాంబిట్ అంటారు. ఆయన దానిని తినలేదు. రాజు బంటును ఒక గడి జరిపి, నడిమి బంటుకు దన్ను కల్పించినారు. అందువలన ఆయన శకటొకటి సొంత బంట్ల వెనుకనే చాలసేపు బందీ అయినది. అయినను ఆయన తొందరపడలేదు.

రెండు గంటలకు పావులన్నీ పోయినవి. "ఇక ఏనుగులే మిగిలినవి" అన్నారాయన. ఉర్దూ ఇంట ఆట నేర్చిన నేను క్షణకాలం తడబడినాను. తెలుగువారి శకటు మాకు 'ఫీల్', అనగా ఏనుగు. వారి ఏనుగు మాకు 'రుఖ్'. చెరొక ఏనుగు కాక నాకొక బంటు అదనముగా ఉన్నది.

"సమానమందామా?" అని ఆయన అడిగినారు. వెనుక విద్యార్థులు నిలిచియున్నారు. నేను తల అడ్డముగా ఊపినాను.

ఆయన రాజు నా బంటు దారిలో నిలిచినది. ఏనుగు తన వైపునుండి మూడవ వరుసను కాచినది. నా రాజు ఆ గీత దాటలేకపోయినది. బంటును ఆ వరుసకు త్రోయగానే, ఏనుగు నా మొదటి వరుసకు దిగి వెనుకనుండి షహ్ పై షహ్ చెప్పినది. రాజుకు చాటు లేదు. ఇది 18వ శతాబ్దపు ఫ్రెంచి ఆటగాడు ఫిలిడోర్ పేర ప్రసిద్ధమైన రక్షణ. చదివియు మరచినాను. చివరకు "బాజీ బరాబర్, పంతులు గారూ" అని నేనే చేయి చాపవలసి వచ్చినది.

"ఇంతసేపు ఆడి ఫలితము లేదా, సార్?" అన్నాడొక విద్యార్థి. 1927లో బ్యూనస్ ఎయిర్స్‌లో కాపాబ్లాంకా, అలెఖైన్ ఆడిన 34 ఆటలలో 25 సమానమైనవనియు, వాటిలో దాదాపు అన్నింటా ఇదే ప్రారంభమనియు చెప్పినాను. వాడు తృప్తిపడినాడు. నేను పడలేదు.

తిరుగు రైలు గోదావరి వంతెన దాటుచుండగా తోచినది: పండితులవారు రెండవ ఎత్తులోనే ఎరను కాదన్నారు. నేను మాత్రము మిత్రులారా, మీ మెప్పు అనే ఎరను తిన్నాను.