చెవికెక్కని మాట

దసరా వెళ్ళిన మంగళవారం విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర నిలబడ్డప్పుడల్లా నాకొక సందేహం వస్తుంది. పైడితల్లి సిరిమాను, అంటే కొసన పూజారి కూర్చునే చింతమాను, గుడి దగ్గర బయలుదేరి కోట దాకా ముమ్మారు వెళ్ళొస్తుంది. ఒకసారి చాలదా?

మా పెద్దలు చెప్పే కథలో జవాబు దొరుకుతుందేమో. 1757 జనవరిలో పూసపాటి విజయరామరాజు ఫ్రెంచి బుస్సీని వెంటబెట్టుకుని బొబ్బిలి మీదికి బయలుదేరుతుంటే, చెల్లెలు పైడిమాంబ వద్దని బతిమాలిందట. అన్నగారు వినలేదు. బొబ్బిలి కోట పడింది. గెలిచిన ముచ్చట మూడు రోజులైనా నిండకుండా తాండ్ర పాపారాయుడు డేరాలో చొరబడి రాజును చంపాడు. అన్న వెనకే చెల్లెలూ పోయిందట. పెద్దచెరువులో దొరికిన విగ్రహాన్ని ఆమెగానే ఎంచి జనం గుడి కట్టారు.

గెలిచిన రాజుకు మావాళ్ళు ఉత్సవం చెయ్యరు. వద్దన్న ఆడపడుచుకు చేస్తారు. మంచిమాట చెప్పినవాళ్ళను బతికుండగా చాదస్తం అంటాం, పోయాక దండం పెడతాం. ఇందులో రాజులకూ మనకూ తేడా లేదు.

నా సంగతే చూడండి. పాతికేళ్ళ కిందట స్నేహితుడొకడు అప్పుకి హామీ సంతకం అడిగాడు. "మనకెందుకురా తమ్ముడూ ఆ సంతకం" అంది మా అప్ప, చింతపండు పిక్క తీస్తూ, తలైనా ఎత్తకుండా. లోకం తెలీని మనిషి, దానికేం తెలుసు అనుకున్నాను. నాలుగేళ్ళు వాడి వాయిదాలు నేను కట్టాను. అప్ప ఒక్కనాడూ "చెప్పానా?" అనలేదు. వాయిదాలు మొదలైన రెండో నెలలో మాత్రం చీర కొంగు ముడి విప్పి, నలిగిన నోట్లు నా చేతిలో పెట్టి, ఏమీ ఎరగనట్టు వంటింట్లోకి పోయింది. తిట్టినా బాగుండేది.

సలహా చెవికెక్కకపోవడానికి తెలివితక్కువతనం కారణం కాదు. చెప్పేవాళ్ళు మరీ దగ్గరివాళ్ళు కావడమే. అదే మాట ముక్కూ మొగం తెలియని జ్యోతిష్కుడు డబ్బులు పుచ్చుకుని చెబితే తలాడిస్తాం. ఇంట్లో ఉచితంగా దొరికేదానికి విలువ కట్టడం మనకు చేతకాదు.

ఈ ఏడూ వెళ్ళాను, అప్పతోనే. పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం ముందు కదిలాయి. వెనక ఏటవాలుగా లేచిన చింతమాను, దాని కొసన పూజారి. కోట బురుజు మీంచి రాజుగారి వంశంవాళ్ళు చూస్తున్నారు. ఒకసారి చెబితే వినని అన్న ఇంటికి చెల్లెలు మూడుసార్లు వస్తోంది కాబోలు.

జనం అరటిపళ్ళు విసురుతున్నారు. "కాస్త వెనక్కి రారా, కళ్ళజోడు పోతుంది" అంది అప్ప.

"ఏం కాదులే" అన్నాను.

ఇది రాస్తున్నది పాత కళ్ళజోడు పెట్టుకుని.