ఓల్డ్ ఎయిర్‌పోర్ట్: ఖాళీ అయిన చోట్ల ఫొటోలు

పాడుబడ్డ ఇళ్లను, మూతపడ్డ ఫ్యాక్టరీలను, పని ఆగిపోయిన రేవులను ఏళ్ల తరబడి ఫొటోలు తీస్తూ పోవడం కొందరి అభిరుచి. దోహాలో దానికి తగిన పేట ఓల్డ్ ఎయిర్‌పోర్ట్. అరబ్బీలో అల్ మతార్ అల్ ఖదీమ్, నగర చిరునామాల్లో 45వ జోన్. అయితే శిథిలాలు చూద్దామని వచ్చేవారికి ఈ పేట నిరాశే మిగులుస్తుంది. ఈ నగరంలో కట్టడాలు పాడుబడేంత కాలం ఊరికే ఉండడం అరుదు. ఖాళీ కాగానే కూల్చడమో, మరో పనికి మార్చడమో జరుగుతుంది. ఒక వాడకం ముగిసి ఇంకొకటి మొదలయ్యే నడుమ మిగిలే కొద్దిపాటి వ్యవధే ఇక్కడ కెమెరాకు దొరుకుతుంది. అందుకే ఒక్కసారి తీసి వదిలేసిన ఫొటోకు ఇక్కడ విలువ తక్కువ. అదే మూలను అదే దూరం నుంచి మళ్లీ మళ్లీ తీస్తేనే మార్పు లెక్కకు వస్తుంది.

పేటకు ఆనుకుని ఉన్న దోహా అంతర్జాతీయ విమానాశ్రయం 1959లో మొదలైంది. దాని రన్‌వే పొడవు 4,570 మీటర్లు. పౌర విమానాశ్రయాల్లో అంత పొడవైనవి ప్రపంచంలో కొన్నే ఉన్నాయి. టెర్మినల్ మాత్రం రన్‌వేకు ఏనాడూ సరితూగలేదు. ఎన్నిసార్లు విస్తరించినా రద్దీ దాన్ని దాటిపోతూనే వచ్చింది. ఏరోబ్రిడ్జిలు లేవు. విమానం దిగిన ప్రతి ఒక్కరూ మెట్ల మీదుగా ఎండలోకి వచ్చి బస్సెక్కాల్సిందే. నిజామాబాద్, జగిత్యాల, కడప నుంచి ఆ రోజుల్లో ఖతర్ చేరిన కార్మికులకు ఈ దేశపు వేడి మొదట తగిలింది ఆ మెట్ల మీదే. 2014 మే 27న ఖతర్ ఎయిర్‌వేస్ తన సర్వీసులన్నిటినీ హమద్ విమానాశ్రయానికి తరలించడంతో పాతదానిలో మామూలు ప్రయాణికుల రాకపోకలు ఆగాయి. కొత్త విమానాశ్రయానికి కావలసిన నేలలో పెద్ద భాగాన్ని సముద్రాన్ని పూడ్చి సంపాదించారు.

అంతటితో పాతది మూతపడలేదు. ఖతర్ అమీరీ వైమానిక దళం దాన్ని వాడుతూనే ఉంది. ఫుట్‌బాల్ ప్రపంచ కప్ కోసం 2022 సెప్టెంబరు 15 నుంచి డిసెంబరు చివరి దాకా కొన్ని విమాన సంస్థలను మళ్లీ ఇక్కడికే పంపారు. హైదరాబాద్ ఎరిగినవారికి బేగంపేట గుర్తుకు రావడం సహజం. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం తెరుచుకున్నాక ప్రయాణికులు అటు మళ్లారు. బేగంపేటలో ప్రముఖుల విమానాలు, సైనిక విమానాలు, వైమానిక ప్రదర్శనలు మిగిలాయి. ఊరి నడుమ అంత పెద్ద రన్‌వేను వదులుకోవడానికి ఏ ప్రభుత్వమూ తొందరపడదు.

మెట్రో రెడ్ లైన్‌లో పేట పేరుతోనే ఒక స్టేషన్ ఉంది. ఈ లైన్‌లో రైళ్లు 2019 మేలో మొదలయ్యాయి. స్టేషన్ బయటికొచ్చి లోపలి వీధుల్లోకి తిరిగితే పేట రెండు పొరలుగా కనిపిస్తుంది. పెద్ద రోడ్ల మీద సూపర్ మార్కెట్లు, మలబారీ హోటళ్లు, దర్జీ కొట్లు, మొబైల్ షాపులు. వెనక వీధుల్లో ఎత్తయిన ప్రహరీల మధ్య పాత కాంక్రీటు విల్లాలు. ఒకప్పుడు ఒక్కో కుటుంబం ఉన్న విల్లాలో ఇప్పుడు అడ్డుగోడలు పెట్టి గదులుగా, గదులను బెడ్‌స్పేస్‌లుగా అద్దెకిస్తారు. ఫొటోకు పనికొచ్చే వివరాలన్నీ ఈ విల్లాల్లోనే ఉన్నాయి. మేడ మీద వరుస నీళ్ల ట్యాంకులు, గాలి కోసం చిల్లుల ఇటుకలతో కట్టిన పిట్టగోడలు, విండో ఏసీ తీసేశాక ప్లైవుడ్ ముక్కతో మూసిన చదరపు రంధ్రాలు, గేటు పక్కన పాత అద్దెదారు వదిలిపోయిన చెప్పుల స్టాండు. కూల్చివేతకు సిద్ధమైన ఇంటిని గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. ముందు ఏసీలు పోతాయి, తర్వాత కిటికీ అల్యూమినియం, ఆ తర్వాత గేటు. చివరికి స్థలం చుట్టూ రేకులు లేస్తాయి. ఓపికున్నవారికి ఈ క్రమమంతా ఒకే వీధిలో, వేర్వేరు ఇళ్లలో దొరుకుతుంది.

కెమెరా ఎటు తిప్పకూడదో ముందే తెలిసి ఉండాలి. సైనిక స్థావరాలను, ప్రభుత్వ భవనాలను, చమురు, గ్యాస్ ప్లాంట్లను అనుమతి లేకుండా ఫొటో తీయడం ఖతర్‌లో చిక్కులు తెచ్చిపెడుతుంది. పాత విమానాశ్రయం సైనిక వాడకంలో ఉంది కాబట్టి దాని కంచె వైపు లెన్స్ పెట్టకపోవడమే తెలివి. డ్రోన్‌కు పౌర విమానయాన అధికారుల అనుమతి కావాలి, విమానాశ్రయం పక్కన ఆ ఆలోచనే వద్దు. వ్యక్తుల అనుమతి లేకుండా వారి ఫొటోలు తీసి వారి ఏకాంతానికి భంగం కలిగిస్తే రెండేళ్ల వరకు జైలు, 10,000 రియాళ్ల వరకు జరిమానా పడవచ్చు. ట్రైపాడ్ విప్పితే ఎక్కడినుంచో సెక్యూరిటీ గార్డు వస్తాడు. అతను జగిత్యాలవాడైతే మాట కలుస్తుంది, అనుమతి మాత్రం అతని చేతిలో ఉండదు. ఖాళీ ఇంట్లోకి గోడ దూకి వెళ్లడం ఈ అభిరుచికి కొన్ని దేశాల్లో పేరు తెచ్చిపెట్టింది గానీ, వీసా మీద బతికేవారికి అది పెద్ద మూర్ఖత్వం. పాత కట్టడాల బలాన్నీ నమ్మలేం. 2023 మార్చిలో ఈ నగరంలోనే బిన్ దిర్హమ్ ప్రాంతంలో మనుషులు కాపురముంటున్న నాలుగంతస్తుల భవనం కూలింది. చనిపోయినవారిలో భారతీయులూ ఉన్నారు. ఈ పేటలో మంచి ఫొటోలన్నీ వీధిలో నిలబడి తీయగలిగినవే.

ఇక ఎలా తీయాలన్న దానికొస్తే, పరిశ్రమల ఫొటోలకు ఒక పద్ధతిని ఏర్పరచినవారు జర్మనీకి చెందిన బెర్న్‌డ్ బెషర్, హిల్లా బెషర్ దంపతులు. 1959 నుంచి దశాబ్దాల పాటు నీళ్ల ట్యాంకులను, బ్లాస్ట్ ఫర్నేసులను, గనుల మీది చక్రాల గోపురాలను తీశారు. ఎప్పుడూ ఎదురుగా నిలబడి, మబ్బు పట్టిన వేళ, నీడలు పడకుండా, నలుపు తెలుపుల్లో తీసేవారు. ఒకే రకం కట్టడాల ఫొటోలను గళ్లుగా పేర్చి ప్రదర్శించేవారు. 1990 వెనిస్ బియెనాలేలో వారికి బంగారు సింహం బహుమతి వచ్చింది, అదీ శిల్ప విభాగంలో. దోహాలో మబ్బు కోసం ఎదురుచూస్తే ఏడాదిలో చాలా భాగం ఖాళీగా కూర్చోవాలి. దాని బదులు షమాల్ గాలి ఉంది. జూన్, జూలైల్లో వాయవ్యం నుంచి వీచే ఈ గాలి దుమ్ము లేపినప్పుడు ఆకాశం బూడిదరంగుకు తిరిగి నీడలు మెత్తబడతాయి. బెషర్ పద్ధతికి అదే సరైన వెలుతురు. కెమెరాకు మాత్రం అది పరీక్ష. ఆ గాలిలో లెన్స్ మార్చినవారు సెన్సర్ మీద మచ్చలు తుడుచుకుంటూ కూర్చోవాలి. ఉక్కపోత నెలల్లో మరో బెడద. ఏసీ గదిలోంచి బయటికి తెచ్చిన లెన్స్ క్షణాల్లో చెమరుస్తుంది. కెమెరాను మూసిన సంచిలోనే ఉంచి, బయటి వేడికి అలవాటు పడనిచ్చి తీయాలి. జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3.30 వరకు ఆరుబయట ఎండలో పని చేయించడాన్ని చట్టం నిషేధిస్తుంది. కూలీకి వర్తించే ఆ నియమాన్ని ఫొటోగ్రాఫర్ తానే పెట్టుకోవడం మేలు.

పేట దాటితే దోహా తన పాత కట్టడాలను ఏం చేస్తోందో ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. 1982లో కట్టిన ఫైర్ స్టేషన్‌ను 2012లో అగ్నిమాపక దళం ఖాళీ చేసింది. ఇబ్రహీం అల్ జైదా రూపకల్పనతో అది కళాకారుల నివాస కేంద్రమైంది. సముద్రపు ఒడ్డున పిండి మిల్లు ఉన్న చోట ఆర్ట్ మిల్ మ్యూజియం రావలసి ఉంది. దాని నమూనా చిలీ వాస్తుశిల్పి అలెహాండ్రో అరవేనా సంస్థ ఎలెమెంటల్‌ది. రాస్ అబూ అబూద్‌లోని స్టేడియం 974ను షిప్పింగ్ కంటెయినర్లతో, విప్పి తీసేయగలిగేలా కట్టారు. కట్టేటప్పుడే కూల్చడం గురించి ఆలోచించిన కట్టడం అది.

నిజంగా పాడుబడ్డవి కావాలంటే ఉత్తరానికి 100 కిలోమీటర్లకు పైగా పోవాలి. వాయవ్య తీరంలో అల్ జుమైల్, అల్ అరీష్ వంటి చేపల పల్లెలు 20వ శతాబ్దం రెండో సగంలో ఖాళీ అయ్యాయి. అంతకుముందే జపాన్ కల్చర్డ్ ముత్యాలు ఇక్కడి ముత్యాల వేటను దెబ్బతీశాయి. తర్వాత చమురు వచ్చింది. దుఖాన్‌లో 1939-40లో బయటపడిన చమురు ఎగుమతి 1949 చివర మొదలైంది. నీళ్లు, కరెంటు, జీతం ఉన్న ఊళ్లకు జనం తరలిపోయారు. సముద్రపు రాయితో కట్టిన గోడలు, మసీదు మినారు మిగిలాయి. ఇదే తీరంలోని జుబారా 2013లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది.

తెలుగు నేల మీద ఈ అభిరుచికి వస్తువు కొరత లేదు. బోధన్‌లో 1937లో స్థాపించిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. 1999లో ఆగిన రామగుండం ఎరువుల కర్మాగారం స్థానంలో 2021లో కొత్తది ఉత్పత్తి మొదలుపెట్టింది. 2014లో ఆగిన సిర్పూర్ కాగితం మిల్లు 2018లో మళ్లీ కదిలింది. మన దగ్గర వ్యవధి దోహాలోలా నెలల్లో ఉండదు, ఏళ్లలో ఉంటుంది. అందువల్ల తుప్పు, పొదలు, కార్మికుల క్వార్టర్లు కూడా ఫొటోలోకి వస్తాయి. బోధన్ ఉన్న నిజామాబాద్ జిల్లా నుంచి గల్ఫ్‌కు వలస కూడా ఎక్కువ. ఆ జిల్లావాడు ఓల్డ్ ఎయిర్‌పోర్ట్‌లో కెమెరా పట్టుకుంటే పోలిక అడక్కుండానే దొరుకుతుంది.

ఇంత తీశాక వివరాలు రాసిపెట్టకపోతే తీసిందంతా వృథా. దోహాలో ఇందుకు మంచి సదుపాయం ఉంది. ప్రతి కట్టడం గేటు దగ్గరా జోన్, వీధి, భవనం నంబర్లతో నీలి పలక ఉంటుంది. ముందు పలకను, తర్వాత ఇంటిని తీస్తే, ఇల్లు పోయాక కూడా ఫొటో ఏ స్థలానిదో తేలుతుంది. తేదీ, నిలబడిన చోటు, వాడిన లెన్స్ ఒక నోటుబుక్కులో ఉంటే మళ్లీ వచ్చినప్పుడు అదే చట్రం కుదురుతుంది. ఖతర్ మ్యూజియమ్స్ 2021లో మొదలుపెట్టిన తస్వీర్ ఫొటో ఉత్సవం వల్ల ఇలాంటి పనిని చూపించడానికి ఒక వేదిక ఏర్పడింది. ప్రవాసి విషయంలో మరో జాగ్రత్త అవసరం. ఉద్యోగం పోయి వీసా రద్దయితే సామాను సర్దుకోవడానికి ఎక్కువ సమయం దొరకకపోవచ్చు. ఫొటోల కాపీ ఒకటి అప్పటికే ఇంటికి చేరి ఉండాలి, రెండోది కార్గో పెట్టెలో వేయకుండా చేతి సంచిలో పెట్టుకోవాలి.