బియ్యం చూసిన కళ్లు

తెనాలిలో బియ్యం కొనడం వచ్చినవాడికి ఏ దేశంలోనైనా వైన్ కొనడం చేతనవుతుందని నా గట్టి నమ్మకం. మా నాన్నగారిది బియ్యం కమిషన్ వ్యాపారం. కాలేజీ సెలవుల్లో ఆయన వెంట మిల్లు గోడౌన్లకు వెళ్లేవాణ్ణి. ఒకే లాటు సరుకును రెండు మూడు రకాల సంచుల్లోకి ఎత్తడం అక్కడే చూశాను. ఒకదాని మీద నెమలి బొమ్మ, ఇంకోదాని మీద పూర్ణకుంభం, మరొకటి ఏ బొమ్మా లేని తెల్ల సంచి. బొమ్మ మారితే బస్తా ధర మారేది. నాన్నగారు సంచి వైపు చూసేవారే కాదు. గొట్టం గుచ్చి గుప్పెడు గింజలు తీసి అరచేతిలో నలిపేవారు. ఒక గింజ పంటి కింద పెడితే టక్కున విరగాలి. నూక ఎంత, ముక్కవాసన ఏమైనా ఉందా, ఏ ఊరి ధాన్యం, కోతలైన ఎన్నాళ్లకు ఆడించారు, ఇవన్నీ తేలాకే ధర మాట ఎత్తేవారు.

ఆ బస్తాల్లో ఎక్కువగా ఉండేది బీపీటీ 5204. బాపట్ల పరిశోధన కేంద్రంలో పుట్టి, 1986లో సాంబ మసూరి పేరుతో విడుదలైన వంగడం. మా వైపు కాలువల కింద పండే ఆ సన్నబియ్యం రుచి మరిగినవాళ్లు ఇప్పుడు సముద్రాల అవతల ఉన్నారు. మా తమ్ముడిది డాలస్ దగ్గర ఫ్రిస్కో. అక్కడి ఇండియన్ స్టోర్లలో సోనా మసూరి సంచులు ఎత్తుగా పేర్చి ఉంటాయి. తెనాలి, బాపట్ల, రేపల్లెల నుంచి వెళ్లినవాళ్లు అక్కడ కూడా "పాత బియ్యమేనా? అన్నం పొడిపొడిగా వస్తుందా?" అని అడిగి మరీ కొంటారు. ఆ మనుషులే వైన్ అరల ముందుకొచ్చేసరికి వెనకాడతారు. మరీ చవకదైతే ఇంటికొచ్చినవాళ్లు ఏమనుకుంటారోనని, కాస్త ఎక్కువ ధరలో లేబుల్ అందంగా ఉన్న సీసా ఒకటి తీసుకుని వచ్చేస్తారు. చెమటోడ్చి సంపాదించిన డబ్బు అలా బొమ్మకు పోవడం చూస్తే నాకు మనసు ఒప్పదు.

సీసా ధర ఎక్కడ పుడుతుందో ముందు చూడాలి. టన్ను ద్రాక్షకు సుమారు 720 సీసాల వైన్ వస్తుంది. కాలిఫోర్నియాలో నాపా లోయ కేబర్నే ద్రాక్ష టన్ను 8,000 డాలర్లు దాటిన ఏళ్లున్నాయి. అంటే సీసాకు 11 డాలర్లు ఒక్క పండుకే అయిపోతాయి. అదే రాష్ట్రంలో ఫ్రెస్నో వైపు వేడి మైదానాల్లో టన్ను 400 డాలర్లకు దొరికితే సీసాకు పడేది అర డాలరు పైచిలుకు. ఈ తేడాలో కొంత నిజంగా పండుది. చల్లటి రాత్రులు, తక్కువ దిగుబడి, చేత్తో కోత రుచిలో తెలుస్తాయి. కొంత మాత్రం నాపా అనే పేరుకు, ఆ నేల ధరకు కట్టే పన్ను. ఆపైన బరువైన గాజు సీసా, కొత్త ఓక్ పీపా, ప్రకటనలు, దళారులు. నాలుగు డాలర్ల సీసాకూ నలభై డాలర్ల సీసాకూ మధ్య తేడా ఉంటుంది, కానీ అది పది రెట్ల తేడా కాదు.

గోడౌన్ లాంటి దుకాణాలు కోత పెట్టేది సరుకు తర్వాతి ఖర్చుల్లోనే. కాస్ట్‌కో 1983లో సియాటిల్‌లో మొదలైంది. పేరున్న బ్రాండ్ల మీద 14 శాతం, తన సొంత బ్రాండ్ మీద 15 శాతం మించి లాభం వేసుకోకూడదని ఆ సంస్థ కట్టుబాటు పెట్టుకుంది. ఇదే దాని బలం. సరుకు చెక్క పళ్లేల మీదే ఉంటుంది, రకాలు తక్కువ, తిరగడం వేగం. ఒకే వైన్‌ను మామూలు దుకాణం 25 డాలర్లకు అమ్మితే ఇక్కడ 18కో 19కో దొరకడంలో మాయ ఏమీ లేదు. 1995లో మొదలైన కిర్క్‌ల్యాండ్ సిగ్నేచర్ అనే వాళ్ల సొంత పేరు మీద వైన్లు కూడా వస్తాయి. పేరున్న ప్రాంతాల్లోని వైనరీల దగ్గర తీసుకుని తమ లేబుల్ వేసి అమ్ముతారు. మా తెనాలి తెల్ల సంచి నాకు అక్కడ కనిపించింది. బొమ్మ లేదు, గింజ మాత్రం నిఖార్సు.

కాస్ట్‌కో ధరల చీటీ చదవడం మా మరదలు నేర్పింది. "బావగారూ, చీటీ మూలన నక్షత్రపు గుర్తుంటే ఆ సరుకు మళ్లీ రాదని లెక్క. ధర చివర 97 సెంట్లుంటే వదిలించుకోడానికి తగ్గించారని" అంది. సంస్థ ఎక్కడా గట్టిగా ప్రకటించిన సంగతి కాదు గానీ, కొనేవాళ్లందరూ పట్టుకున్న ఆనవాలు. నచ్చిన వైన్ చీటీ మీద ఆ గుర్తు కనిపిస్తే ఆరు సీసాల పెట్టె తెచ్చుకోవచ్చు. నచ్చిందో లేదో తెలియకపోతే ఒకటే తెచ్చుకుని ఆ సాయంత్రమే తెరిచి చూడాలి.

చవక వైన్‌లో అందరికీ తెలిసిన కథ చార్లెస్ షాది. ఆ పేరున్న మనిషి నాపాలో నిజంగానే వైనరీ నడిపాడు, అది నిలబడలేదు. ఆ పేరును ఫ్రెడ్ ఫ్రాంజియా అనే వ్యాపారి కొన్నాడు. 2000 తర్వాత కాలిఫోర్నియాలో ద్రాక్ష విపరీతంగా పండి ధరలు పడిపోయాయి. సరిగ్గా అప్పుడు, 2002లో, ఫ్రాంజియా ట్రేడర్ జోస్ దుకాణాల్లో చార్లెస్ షా సీసాను డాలరు 99 సెంట్లకు పెట్టాడు. జనం పెట్టెలకు పెట్టెలు మోసుకెళ్లారు. 2007లో కాలిఫోర్నియా రాష్ట్ర ప్రదర్శనలో ఆ బ్రాండు 2005 షార్డొనే ఆ రాష్ట్రపు షార్డొనేలన్నిటిలో ఉత్తమంగా ఎంపికైంది. అలాగని ప్రతి సీసా అంత బాగుంటుందని చెప్పను. లాటు లాటుకూ మారేది. మా రైతు ధాన్యం ధర పడిపోయినప్పుడు కుమిలిపోయినట్టే ఆ ఏళ్లలో అక్కడి ద్రాక్ష రైతూ కుమిలిపోయి ఉంటాడు. కొన్ని చోట్ల తోటలు పీకేశారు కూడా. చవక వెనక ఒకరి నష్టం ఉందని తెలిసి తాగడం మంచిదే.

మిగులు సరుకు కొని అమ్మే దుకాణాలది వేరే పద్ధతి. 1946లో శాన్‌ఫ్రాన్సిస్కోలో సైన్యం మిగులు సరుకుతో మొదలైన గ్రోసరీ అవుట్‌లెట్ అందులో పెద్దది. లేబుల్ మార్చేసిన వైనరీ పాత సీసాలు, అమ్ముడుపోని ఎగుమతి లాటు, దిగుమతిదారు వదిలేసిన సరుకు అక్కడికి చేరతాయి. 30 డాలర్ల సీసా 10కి దొరకొచ్చు. కానీ ధర ఎందుకు తగ్గిందో కనుక్కోకుండా చెయ్యి పెట్టకూడదు. ఇక్కడే మన బియ్యం అలవాటు ఎదురు తిరుగుతుంది. బియ్యం ఏడాది మాగితే అన్నం బాగుంటుంది. మామూలు వైన్ అలా మాగదు. పది డాలర్ల తెల్ల వైన్, గులాబీ రంగు వైన్ కోసిన ఏడాది నుంచి రెండు మూడేళ్లలో తాగెయ్యాలి. ఆరేళ్ల కిందటి తేదీ చూసి పాతది కదా అని సంబరపడితే సీసాలో మిగిలేది వాడిపోయిన ఆపిల్ వాసనే. ఏళ్ల తరబడి నిలవుండే ఎర్ర వైన్లు కొన్నే ఉన్నాయి. అవి కూడా చల్లటి చీకటి గదిలో ఉంటేనే.

ఇక సీసా వెనక చిన్న అక్షరాలు. అమెరికా చట్టం ప్రకారం లేబుల్ మీద ఒక ద్రాక్ష పేరు వేస్తే కనీసం 75 శాతం ఆ ద్రాక్షే ఉండాలి. నాపా వ్యాలీ లాంటి గుర్తింపు పొందిన ప్రాంతం పేరు వేస్తే 85 శాతం పండు అక్కడిదే కావాలి. ఉత్త కాలిఫోర్నియా అని ఉంటే రాష్ట్రంలో ఎక్కడి పండైనా కావచ్చు. 'ఎస్టేట్ బాటిల్డ్' అని ఉంటే సొంత అజమాయిషీలో ఉన్న తోటల పండుతో చేసి తామే సీసాల్లో నింపారని అర్థం. 'సెల్లార్డ్ అండ్ బాటిల్డ్ బై' అని ఉంటే వేరేచోట తయారైన వైన్‌ను కొని నింపి ఉండొచ్చు. కొన్నది కాబట్టి చెడ్డదని కాదు. ఏ ఊరి ధాన్యం, ఎవరి మిల్లు అని నాన్నగారు అడిగిన ప్రశ్నకు జవాబులు ఈ రెండు వరసల్లో దొరుకుతాయి. ముందుభాగం మీద మెరిసే అక్షరాల్లో 'రిజర్వ్' అని ఉంటుంది చూశారూ, అమెరికా వైన్ మీద ఆ మాటకు చట్టంలో ఏ నిర్వచనమూ లేదు. స్పెయిన్ రియోహా మీద మాత్రం ఉంది. అక్కడ 'క్రియాన్సా' అన్న ఎర్ర వైన్ రెండేళ్లు మాగాలి, అందులో ఏడాదైనా ఓక్ పీపాలో. అలాంటి సీసా పన్నెండు పదమూడు డాలర్లకు దొరుకుతుందంటే, మనం చెయ్యాల్సిన నిలవను వాళ్లే చేసిపెట్టి అమ్ముతున్నారన్నమాట. నా లెక్కలో అంతకు మించిన లాభసాటి కొనుగోలు తక్కువ.

మన భోజనానికి ఏది సరిపోతుందన్నది అసలు కొలత. గుంటూరు కారం ముందు బలమైన ఎర్ర వైన్ నిలవదు. 15 శాతం ఆల్కహాలు, వగరు కలిసి నోట్లో మంట రెట్టింపు చేస్తాయి. నలభై డాలర్ల కేబర్నేను కోడివేపుడుతో తాగడమంటే డబ్బు మంటలో పోసినట్టే. కొద్దిగా తీపి ఉన్న రీస్లింగ్ ఆ కారాన్ని చల్లార్చుతుంది. వాషింగ్టన్ రాష్ట్రపు షాటో సాన్ మిషెల్ రీస్లింగ్ పది డాలర్ల చుట్టుపక్కలే దొరుకుతుంది. గోంగూర పులుపుకు అంతే పులుపున్న న్యూజిలాండ్ సావిన్యోఁ బ్లాఁ. నిజాంపట్నం రేవు రొయ్యల ఇగురు గుర్తొచ్చే రోజున పోర్చుగల్ విన్యో వెర్దె, అది ఇంకా చవక. మన తిండికి ఒదిగే వైన్లు చాలావరకు తక్కువ ధర అరల్లోనే ఉన్నాయి. ఇది మన అదృష్టం.

ధర చూడకుండా తాగితే నాలుక ఏం చెబుతుందో పరీక్షించినవాళ్లున్నారు. 2008లో అచ్చయిన ఒక అధ్యయనంలో ఆరు వేలకు పైగా గుడ్డి పరీక్షల ఫలితాలు పరిశీలించారు. ధర తెలియనప్పుడు, వైన్‌లో శిక్షణ లేని మామూలు మనుషులకు ఖరీదైనవి ఎక్కువ నచ్చలేదు సరికదా, కాస్త తక్కువే నచ్చాయి. అందుకే మా తమ్ముడింట్లో మూడు సీసాలకు కాగితం చుట్టి పోయించాను. ఆ పూట రేపల్లె నుంచి వచ్చిన మా బావ ఉన్నాడు. జీవితంలో వైన్ ముట్టని మనిషి, కానీ మామిడిపండు వాసన చూసి ఏ తోటదో చెప్పగలడు. వరసగా మూడూ వాసన చూసి, పోర్చుగల్‌ది పక్కకు పెట్టి "ఇది బావుంది రా" అన్నాడు. మూడిట్లో చవకది అదే.

ఇదంతా తెనాలిలో కుదురుతుందా అంటే, ఇప్పటికి కుదరదు. మా రాష్ట్రంలో టోకు సరఫరా అంతా 1986లో పెట్టిన బెవరేజెస్ కార్పొరేషన్‌దే. 2019 నుంచి ఐదేళ్లు చిల్లర దుకాణాలు కూడా ప్రభుత్వమే నడిపింది. 2024 అక్టోబరు 16 నుంచి ప్రైవేటు దుకాణాలు 3,396 తెరుచుకున్నాయి. ఎక్కడైనా సీసా మీది ధరే ధర. మద్యం పేరెత్తితే మా వైపు ముందు గుర్తొచ్చేది సారా మీద 1992 దూబగుంట ఆడవాళ్ల పోరాటం, 1995 మద్యనిషేధం. అవి గుర్తు రావలసినవే. తాగనివాళ్లు తాగకుండా ఉండటమే నాకు ఇష్టం. కానీ ఎలాగూ అమ్ముతున్నప్పుడు, మనిషిని కూల్చే ఘాటు సరుకు పక్కన భోజనంతో అరగ్లాసు తాగే తేలికపాటిదానికి కూడా చోటుండాలి కదా.

అమెరికాలోని పెన్సిల్వేనియాలోనూ 1933 నుంచి వైన్, ఘాటు మద్యం టోకు సరఫరా చాలావరకు ప్రభుత్వ బోర్డు చేతిలోనే ఉంది. అయితే ఆ బోర్డు తన పెద్ద కొనుగోలును బేరానికి వాడుకుంది. 'చైర్మన్స్ సెలెక్షన్' పేరుతో మంచి వైన్లను లాట్లుగా తెప్పించి బాగా తగ్గించి అమ్మింది. మా కార్పొరేషన్‌కు కూడా రాష్ట్రమంతటికీ ఒకే కొనుగోలుదారు అన్న బలం ఉంది. నాసిక్ సులా, నందికొండల దగ్గరి గ్రోవర్, సోలాపూర్ జిల్లా అక్లూజ్ వైపు ఫ్రటెల్లి వైనరీలు ఇక్కడికి రెండు రోజుల దూరంలో ఉన్నాయి. అడిగితే ఇస్తారు. అడగాలి.

అప్పటిదాకా తెనాలిలోనో బాపట్లలోనో వైన్ సీసా కొనేవాళ్లకు నేను చెప్పేది ఇంతే. రోహిణి కార్తె ఎండలో ఇనుప షట్టరు వెనక నిలవున్న సీసా ఉడికిపోయినట్టే లెక్క, కాబట్టి కొనేదేదో చలికాలంలో కొనండి. ఏసీ ఉన్న దుకాణం చూసుకోండి. కిటికీ దగ్గరిది వద్దు, లోపలి అరలోది అడగండి. బెరడు మూత పైకి పొడుచుకొచ్చినా, మెడ దగ్గర జిగటగా తగిలినా వెనక్కిచ్చెయ్యండి. స్క్రూ మూతదైతే ఇంకా నయం. తయారైన తేదీ చూసి, చెనిన్ బ్లాఁ లాంటి తెల్ల వైన్ అయితే రెండేళ్లలోపుది తీసుకుని, ఫ్రిజ్‌లో రెండు మూడు గంటలు పెట్టి, ఆ రాత్రికే తెరవండి.